అరవై కిలోల ఆవిడ

మా తోడికోడలి దగ్గర బరువు గురించి అబద్ధమాడి నెగ్గుకొచ్చిన లారీ డ్రైవరు ఇంతవరకూ లేడు. ఊరి చివర గోడౌన్ల దారిలో లారీల కాటా ఉంది. లారీ వచ్చి ఇనుప పలక మీద ఆగుతుంది. పక్కన అద్దాల గదిలో కూర్చున్న ఆవిడ ఎదురుగా వెలిగే అంకెలు చూసి చీటీ ఇస్తుంది. "సగం లోడే అక్కా" అని డ్రైవరు కిటికీలోంచి నవ్వుతాడు. "సగం లోడుకే ఇంత మూలుగుతోందా బండి? వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించు, నీ ముందు చక్రాలు పలక మీద లేవు" అంటుంది ఈవిడ, నవ్వకుండా. వాడు తేలు కుట్టిన దొంగలా వెనక్కి తీస్తాడు.

ఆవిడ లావు మనిషి. "కాస్త ఒళ్ళున్న మనిషి" అని రాస్తే ఊరుకోదు కాబట్టి లావు అనే రాస్తున్నాను. బళ్ళో ఫోటో తీసినప్పుడు వరస చివర నిలబెట్టి, ఒక భుజం బయటికి పోయేలా తీశారట. ఎవరింటికైనా వెళితే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చినవాళ్ళు ఈవిణ్ణి చూసి దాని మీద ఇంకో కుర్చీ వేస్తారు. "కొంచెం తగ్గకూడదూ" అని ఆవిడకి చెప్పిన నోళ్ళే ఇటు తిరిగి, ఎముకల గూడులా ఉన్న నాకు "కొంచెం ఒళ్ళు చెయ్యకూడదూ" అని చెబుతాయి. ఈ చుట్టాల కాటాలో సరిగ్గా తూగిన ఆడమనిషి ఇంకా పుట్టలేదు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ పైకి అనలేను. ఆవిడ అనేస్తుంది. "తగ్గితే మీకేం మిగులుతుంది పిన్నీ?" అని అడిగేసి తన టీ తను తాగుతుంది.

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి, మా బావగారి బండి వెనక సీటు. బావగారిది కళ్ళద్దాల షాపు. దూరాలు తిరగడానికి పనికొచ్చే పెద్ద మోటార్ సైకిల్ ఒకటి కొనుక్కున్నారు, స్నేహితులతో కలిసి ఏడాదికో పెద్ద ప్రయాణం పెట్టుకుంటారు. వెనక ఆవిడ ఉండాల్సిందే. "నువ్వే నేర్చుకుని నడపొచ్చుగా అక్కా" అని ఒకసారి అన్నాను. "నడిపేవాళ్ళకి రోడ్డు తప్ప ఏం కనిపిస్తుందే? నాకు చూడ్డం కావాలి. రోజూ వందల లారీలు ఎక్కడెక్కడికో పోతుంటాయి. వాటిని తూచి పంపే నేను మాత్రం ఆ గదిలోనే పడుండాలా?" అంది.

పోయినేడు కొండదారిలో వెళ్ళినప్పుడు గొడవ మొదలైంది. ప్రతి గుంటకీ బండి వెనకభాగం అడుగుకంటా దిగి ఢామ్మని కొట్టుకునేది. అంతకు ఏడాది ముందే బావగారు వెనక షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించారు, అయినా అంతే. ఒక మలుపు దగ్గర ఎడమవైపు షాకు పగిలి ఆయిల్ కారింది. మిగతా దారంతా ఎడ్లబండిలా వెళ్ళాల్సి వచ్చింది. టీ కొట్టు దగ్గర వీళ్ళ కోసం ఎదురుచూసి విసిగిపోయిన జట్టు పెద్ద (అందరూ కెప్టెన్ అంటారు, అతను ఏ సైన్యంలోనూ లేడు) నలుగురిలో అన్నాడు:

"వదినా, ఈసారి నుంచి మీరు సామాన్లతో పాటు బస్సులో వచ్చెయ్యండి. అక్కడ కలుసుకుందాం. పాపం, బండిదీ ప్రాణమే కదా!"

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వారు.

కెప్టెన్ మాట ఆవిడకి లెక్కలేదు, అలాంటివి చాలా విని దులిపేసుకున్న మనిషి. బావగారి నవ్వు మాత్రం గుచ్చుకుంది. ఇంటికొచ్చాక నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

పగిలిన షాకుకి ఏదో అతుకేయించి బావగారు షాపుకి తిరుగుతూ వచ్చారు. ఈ ఏడు సముద్రం ఒడ్డు దారిలో ప్రయాణం అనుకున్నారు. ఓ రోజు భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకుని, "ఈసారికి బండి మీద నేను ఒక్కణ్ణే వెళ్తానే. నువ్వు బస్సులో రా. కొత్త షాకులే ఆగలేదు, ఏం చేస్తాం చెప్పు" అన్నారు.

ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"ఆగలేదంటే అవి నాకు సరిపోలేదన్నమాట. నేను వాటికి సరిపోవడమేంటండీ? చెప్పు కరిస్తే చెప్పు మారుస్తారా, కాలు కోసుకుంటారా? ఆదివారం షాకుల మేస్త్రి దగ్గరికి వెళ్దాం. నా చెవుల్తో నేను వింటాను."

నన్నూ రమ్మంది. "ఆయన నీళ్ళు నముల్తారు, నాకు కోపం వస్తుంది. మధ్యలో ఒక మనిషి ఉండాలి" అంది. ఈ ఎముకల గూడుని పట్టుకుని మధ్యలో మనిషి అనడం ఆవిడకే చెల్లింది.

షాకుల మేస్త్రిది రెండు గదుల కొట్టు. ముందు గదిలో గోడకి వరసగా షాకులు వేలాడుతున్నాయి, కింద గ్రీజు మరకల బల్ల. మా ముందు ఇద్దరు కుర్రాళ్ళు ఏదో బేరమాడుతున్నారు. బావగారి చూపు ఎర్ర స్ప్రింగు, పక్కన చిన్న సీసాలాంటి డబ్బా ఉన్న జత మీద పడింది. చంటిపిల్లాడిలా దాన్ని తడిమి చూస్తున్నారు.

"రంగు తర్వాత చూద్దాం సార్" అన్నాడు మేస్త్రి. "ముందు స్ప్రింగు సంగతి. స్ప్రింగు అంటే బరువు. నడిపేది ఎంత, వెనక కూర్చునేది ఎంత, సంచులెంత. అది తేలాక దానికి తగ్గట్టు, ఊపుని పట్టి ఆపే ఆయిల్ లోపల పోస్తాం. స్ప్రింగు గట్టిగా ఉండి లోపల పట్టు లేకపోతే గుర్రంలా గెంతుతుంది. పట్టుండి స్ప్రింగు మెత్తనిదైతే అడుగు కొడుతుంది."

"మరి స్ప్రింగు కింది రింగు ఆఖరిదాకా బిగించాం కదా!" అన్నారు బావగారు.

"రింగు బిగిస్తే బండి వెనక ఎత్తు పెరుగుతుంది సార్. స్ప్రింగు బలం పెరగదు." అని బండి నుంచి విప్పించిన పాత జతని చేత్తో తిప్పి చూశాడు. నొసలు ముడిచాడు. "ఇవి నేను కట్టినవే. నాకు బాగా గుర్తు. వెనక కూర్చునే ఆవిడ అరవై కిలోలు అన్నారు మీరు. అరవైకి ఇవి ఇలా నలగకూడదే! అదే అర్థం కావట్లేదు."

బేరమాడే కుర్రాళ్ళు బేరం ఆపి ఇటు తిరిగారు. బావగారు ఎర్ర స్ప్రింగుని వదల్లేదు, దాని వెనక దాక్కుందామన్నట్టు పట్టుకున్నారు. మా తోడికోడలు ఆయన వైపు తిరిగింది.

"ఎవరండీ ఆ అరవై కిలోల ఆవిడ?"

కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అంటే... సుమారుగా చెప్పానే" అన్నారు బావగారు.

"ముప్పై ఆరు కిలోలు సుమారా? నా కాటా మీద ఏ డ్రైవరూ ఇంత దగా చెయ్యలేదు. రెండేళ్ళ నుంచీ ఆవిడ కోసం కొన్న స్ప్రింగుల మీద నన్ను తిప్పారన్నమాట. కొండ మీద అడుగు కొట్టినప్పుడల్లా 'నా వల్లే, నా వల్లే' అని పళ్ళ బిగువున కూర్చున్నాను. అన్ని మాటలూ నేను పడ్డాను. ఆవిడ హాయిగా ఉంది."

"అప్పుడు నలుగురూ ఉన్నారే. కెప్టెన్ కూడా పక్కనే ఉన్నాడు. నోటికి రాలేదు."

"సిగ్గేసిందా?"

అందరి చూపూ కొలిచే మనిషికి ఆ క్షణంలో కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాకు లేని సిగ్గు మీకెందుకొచ్చింది?" అంది ఆవిడ. ఈసారి గొంతు పెద్దది కాదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన్ని చూస్తే కోపమూ వచ్చింది. "నేను చెప్పను. మీరే చెప్పండి, మేస్త్రికి."

"తొంభై ఆరు" అని గొణిగారు బావగారు.

"ఎంతా?" అన్నాడు మేస్త్రి, నిజంగానే వినపడక.

"తొంభై ఆరు!"

కొంప మునుగుతుందనుకున్నట్టు కళ్ళు మూసుకున్నారు. ఏమీ మునగలేదు. మేస్త్రి టైరు సైజు విన్నట్టే విని తలూపాడు. "అలాగా! ఇప్పుడు అర్థమైంది. మరి మీరు సార్?"

"డెబ్భై రెండు."

"ఎనభై దాటి ఏడాదయింది" అంది మా తోడికోడలు.

మేస్త్రి మెత్తనిది, మధ్యది, గట్టిది, మూడు స్ప్రింగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చాలామంది మధ్యదే తీసుకుంటారని చెప్పాడు. ఒక్కరే వెళ్ళినప్పుడు కాస్త గట్టిగా, ఇద్దరు ఎక్కితే కాస్త మెత్తగా ఉంటుంది, సర్దుకుపోవచ్చు. బావగారి ప్రాణం లేచొచ్చింది. "అదే, అదే చాలు" అన్నారు.

"అంటే ఈసారి డెబ్భై అయిదు కిలోల ఆవిడా?" అంది ఈవిడ. "నాకు వద్దు. ఆ ఆవిడలందరినీ దింపెయ్యండి. మేమిద్దరం, రెండు సంచులు. దానికే కట్టండి."

"సార్ ఒక్కరే వెళ్తే ఎగరేస్తుందమ్మా. ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది."

"తెలియనివ్వండి."

ఎర్ర స్ప్రింగు గోడ మీదే ఉండిపోయింది. వారం తర్వాత బూడిదరంగు జత బిగించారు. బండి మీద ఇద్దర్నీ కూర్చోబెట్టి, సంచులు తగిలించి, చక్రం ఇరుసు నుంచి సీటు కింది గుర్తు దాకా టేపు పెట్టి మేస్త్రి కొలిచాడు. రింగు రెండు మెట్లు బిగించి మళ్ళీ కొలిచి, లేచి చేతులు తుడుచుకున్నాడు. ఇక కొండయినా ఎక్కొచ్చన్నాడు.

ఆ తర్వాత బావగారు నాలుగు రోజులు ఒక్కరే షాపుకి వెళ్ళి, సాయంత్రాలు నడుం పట్టుకుని వచ్చారు. అయిదో రోజు, "నువ్వూ ఎక్కవే, కాటా దగ్గర దింపేస్తాను" అన్నారు. "నాకు బస్సుంది" అని ఆవిడ బస్సెక్కి పోయింది. ఆవిడ కోపం అంత తొందరగా దిగే సరుకు కాదు.

బయలుదేరే రోజు తెల్లవారగానే అందరూ పెట్రోలు బంకు దగ్గర కలిశారు. నేను వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. ఆరు బండ్లు వరసగా ఉన్నాయి. మా తోడికోడలు హెల్మెట్ పట్టుకుని వస్తుంటే కెప్టెన్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"అదేంటి వదినా, బస్సు దాటిపోయిందా?"

మళ్ళీ అదే నవ్వు మొదలైంది. ఆవిడ కెప్టెన్ వైపు చూడలేదు. మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఈ మనిషి ఇప్పుడు కూడా నవ్వితే నేనే కలగజేసుకుని నాలుగు దులపాలని నాకు ఉంది.

బావగారు నవ్వలేదు. ఎర్రబడ్డారు, తర్వాత బంకు మొత్తానికి వినపడేలా అన్నారు:

"బస్సెందుకురా? ఆవిడ ఎక్కకపోతే నా బండే నడవదు. షాకులు తొంభై ఆరు కిలోలకి కట్టించాను!"

కెప్టెన్ చాచిన చేతులు దించుకుని పక్కకి జరిగాడు. మా తోడికోడలు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాలు అవతలికి వేసి సీటు మీద నిండుగా కూర్చుంది.

"తొంభై ఏడు" అంది. "పోనివ్వండి."