పచ్చ రంగు వేయించిన వ్యాను

నేనూ మా ఆయనా ఊళ్లు తిరగడానికి ఒక పాత వ్యాను కొని, లోపల మంచం, స్టవ్వు అమర్చుకున్నాం. మొన్న వానల తర్వాత అది తుప్పు పట్టేసింది. నాంపల్లిలో ఒక షెడ్డుకిచ్చి, రేకులు మార్చి పచ్చ రంగు వెయ్యమని చెప్పి, డబ్బంతా ముందే కట్టేశాను.

తీరా తెచ్చుకోవడానికి వెళితే బండి పసుపుపచ్చగా మెరిసిపోతోంది!

"నేనన్నది ఆకుపచ్చ, బాబూ!"

"పచ్చ అంటే గిదే కదమ్మా! ఆకు సంగతి మీరు చెప్పనే లేదు" అన్నాడు పెయింటర్.

చేసేది లేక, ఎలాగైనా మళ్లీ రంగు మార్పించాలనుకుంటూ దాన్లోనే బయల్దేరాం. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగామో లేదో, ఒకావిడ పక్క తలుపు లాగి, యూనిఫాంలో ఉన్న పాపని లోపలికెక్కించి, "గింత లేటేంది, అన్నా?" అని మా ఆయన్ని కసిరి, తలుపేసి వెళ్లిపోయింది! ఇంతలో సిగ్నల్ పడింది, వెనక ఒకటే హారన్లు. నేను కిందికి దూకి, "ఇది స్కూలు బండి కాదమ్మా!" అని అరుస్తూ పరిగెత్తి ఆవిణ్ణి పట్టుకొచ్చాను.

ఆవిడ కంగారుగా పాపని దిగమంటే, అది మా మంచమ్మీద వెల్లకిలా పడుకుని, "నేను దిగ! మా వ్యాన్ల మంచం లేదు" అంది.

రంగు మార్పించాలన్న పట్టుదల నాకు అక్కడే పోయింది. పక్క తలుపుకి మాత్రం లోపల గడియ పెట్టించాం.