గెస్ట్‌హౌస్ ముందరి పూలమడి

ఆ పూలమడి ఎండిపోవడానికి కారణం నేను. ఆఫీసు ఫైల్లో మాత్రం ఇంకొకరి పేరు ఉంది. అది తప్పని నేను నిరుటిదాకా చెప్పలేదు.

ఒక జనవరిలో నన్ను భద్రాచలం దారిలో ఉన్న ఒక సంస్థ కాలనీకి హార్టికల్చర్ సూపర్‌వైజర్‌గా వేశారు. నా పైన ఎస్టేట్ ఆఫీసరు. నా కింద ఎనిమిది మంది మాలీలు, అందరూ కాంట్రాక్టరు మస్టర్ మీద ఉన్నవాళ్లే. అంటే పొద్దున హాజరు పిలిచినప్పుడు పేరు వస్తేనే ఆ రోజు పని. పేరు రాకపోతే ఇంటికి పోవాలి, అడగడానికి కాగితం ఉండదు. వాళ్లలో పాత మనిషి కనకమ్మ. ఊరు ఏన్కూరు పక్కన. భర్త పోయాక కాలనీ వెనక ఒక గది కిరాయికి తీసుకుని, ఆ పని మీదే బతుకుతున్నది.

మే నెలలో హెడ్డాఫీసు నుంచి తనిఖీ ఉంది. ఆలోపు గెస్ట్‌హౌస్ ముందర పూలమడి తయారు కావాలన్నారు. ఎస్టేట్ ఆఫీసరు ఫోన్‌లో ఊటీ ఫొటోలు చూపించి, ఇట్లాంటివి పెట్టమన్నారు. హైడ్రాంజియా, బెగోనియా, ఇంపేషియన్స్. మూడూ చల్లని నీడ కోరే మొక్కలు. గెస్ట్‌హౌస్ రెండంతస్తుల భవనం, ముఖం ఉత్తరానికి. జనవరి మిట్టమధ్యాహ్నం పోయి చూస్తే ముందరి నేలంతా భవనం నీడలోనే ఉంది. నీడ ఉందని రాసి, ప్లాను గీసి సంతకం పెట్టాను.

సున్నంతో గీతలు గీస్తుంటే గోడ మొదట్లో, జానెడు దూరంలో, తెల్లరాళ్లు వరసగా పాతి కనిపించాయి. ఎవరు పెట్టారని అడిగితే కనకమ్మ ముందుకొచ్చింది.

"నేనే సారూ. నిరుడు భరణికార్తెల మిట్టమధ్యానం నీడ ఏడిదాంక ఉంటే ఆడ రాయి పెట్టిన. ఇప్పుడు చల్లగనే ఉంటది. శివరాత్రి పోనీయుండ్రి, పొద్దు నెత్తిమీదికొస్తది. గీ మెత్తటి చెట్లు అప్పుడు ఏడ దాసుకుంటయి?"

భవనం ఎటూ పోదు కదా, నీడ ఎక్కడికి పోతుందని నేను నవ్వాను.

"మంచమైతే నీడను బట్టి జరుపుకుంటం. చెట్టు జరుగుతదా సారూ?"

మిగతా మాలీలు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. రాళ్లు తీయించి అవతల పడేయించాను.

ఆమె చెప్పింది నేను డిప్లొమాలో చదివిందే. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు నీడ పొడుగ్గా పడుతుంది. మన ప్రాంతంలో ఏప్రిల్ చివరికి అది గోడ కిందికి ముడుచుకుపోతుంది. అక్కడ పెట్టాల్సింది ఎండను ఓర్చేవి. వెనక వరసలో గన్నేరు, మందార, నూరువరహాలు వంటి పొదలు, మధ్యలో ఏళ్ల తరబడి పూసే బిళ్ళగన్నేరు, ముందర గడ్డిగులాబి, తొలకరి పడ్డాక బంతి. కనకమ్మను అడిగితే ఈ పేర్లే చెప్పేది. నేను అడగలేదు.

ఏప్రిల్‌లో ఆకుల అంచులు మాడాయి. కనకమ్మ పూటపూటకూ పైపు పట్టింది, గోనెపట్టాలు కట్టి నీడ చేసింది. వేళ్ల దగ్గర తడి ఉన్నా పైన ఆకు కాలిపోతుంటే ఆ మొక్క బతకదు. తనిఖీ నాటికి మడిలో కట్టెలు మిగిలాయి. ఎస్టేట్ ఆఫీసరు నన్ను కారణం రాసి ఇమ్మన్నారు. "మాలీ కనకమ్మ సరిగా నీళ్లు పెట్టనందున మొక్కలు ఎండిపోయినవి" అని రాసిచ్చాను. మర్నాడు పొద్దున హాజరు దగ్గర ఆయన ఆ వాక్యాన్ని అందరి ముందు చదివి, కనకమ్మ పేరు కొట్టేశారు. ఆమె నా వైపు చూసింది. నేను రిజిస్టరు చూశాను.

నేను పనిచేసిన ప్రతి తోట ఆఫీసులోనూ అలాంటి వాక్యమే చూశాను. మొక్క బతికితే ఫలకం మీద అధికారి పేరు, చస్తే ఫైల్లో మాలీ పేరు. ఏ మొక్క, ఏ చోట, ఎవరు ఎంచారు అని ఒక్క ఫైలూ అడగదు. దీన్ని పద్ధతి అంటారు. నేను దీన్ని దొంగతనం అంటాను. దొంగల్లో నేనూ ఒకణ్ణి.

నిరుడు ముందుగానే పదవీ విరమణ తీసుకుని ఏన్కూరు వెళ్లాను. కనకమ్మ మిరప కల్లంలో కాయలు ఏరుతున్నది. నీళ్లు పెట్టని మనిషని పేరు పడ్డాక ఆ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ ఆమెను మాలీగా పెట్టుకోలేదట. తప్పు రాసింది నేనేనని చెప్పాను.

"నాకు జెప్పుడేంది సారూ? నీళ్లు పెట్టిన్నో లేదో నాకెరుకలేదా? ఏడ సదివిండ్రో ఆడ జెప్పు. హాజరుకాడ."

కాలనీకి రమ్మంటే వచ్చింది. కొత్త ఎస్టేట్ ఆఫీసరుకు ఫైలు సరిచేయమని రాసిన ఉత్తరం ఇచ్చి, హాజరు వేళ రెండు నిమిషాలు అడిగాను. పాత మాలీలు ముగ్గురు ఇంకా ఉన్నారు.

ఆ మడి నాకు నేర్పింది ఇది: మొక్కను ఎంచాల్సింది గొయ్యి తీసిన రోజు నీడను బట్టి కాదు, ఆ చోట ఏడాదిలో పడే అతి గట్టి ఎండను బట్టి. ఆ ఎండను చూసేది అక్కడ రోజూ నిలబడే మనిషి. ముందు ఆ మనిషిని అడగాలి.

హాజరు దగ్గర నిలబడి అన్నాను: "కనకమ్మ రెండు పూటలా నీళ్లు పెట్టింది. మొక్కలు ఎంచింది నేను. ఆమె పాతిన రాళ్లు పీకించింది నేను. నీళ్లు పెట్టలేదని అబద్ధం రాసింది నేను. కనకమ్మా, నన్ను మన్నించు."