ఒడ్డున నిలబడినవాళ్ళకు వచ్చిన జ్వరం

ఆగస్టు పన్నెండో తేదీ ఉదయం ఐదున్నర గంటలకు నేను మంచం మీద నుంచి కాలు కింద పెట్టి, వెంటనే పైకి తీసుకున్నాను. తడి గుడ్డను మెలిపెట్టి పిండినట్టు రెండు పిక్కలూ నొప్పి పెట్టాయి. ఒళ్ళు కాలిపోతోంది. పళ్ళు మాత్రం చలికి టకటకా కొట్టుకుంటున్నాయి. "అమ్మా" అని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నా పేరు ఎస్తేరు. పినపాక దగ్గర గోదావరి వైపున్న ఊరు మాది. అమ్మ మిరప తోటల్లో కూలికి వెళ్ళి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. ఇదే జ్వరం మరొకరికి వస్తే నేను పోగొట్టుకున్న రోజులు వాళ్ళు పోగొట్టుకోకూడదని ఈ అనుభవం రాస్తున్నాను.

ఆ నెల మొదట్లో గోదావరి పొంగి వాగులు వెనక్కి తన్నాయి. పల్లంలో ఉన్న గూడేలు నీళ్ళలో చిక్కుకున్నాయి. పడవలతో రెస్క్యూ టీం వచ్చింది. బడి గదులన్నీ ఇళ్ళు మునిగినవాళ్ళతో నిండిపోవడంతో, టీం ఉండడానికి మా పాస్టర్ గారు మందిరం తెరిచారు. వంటా బట్టలూ మా స్త్రీల సమాజం చూసుకుంది. పాస్టర్ గారి భార్యను మేమంతా పాస్టరమ్మ అంటాం. ఆమె చెప్పిన పని ఎవరూ కాదనరు.

పగలంతా నీళ్ళలో తిరిగి, ఎవరినో ఒకరిని భుజాన వేసుకుని వచ్చిన ఆ మనుషులు మందిరం అరుగు మీద కూలబడేవారు. వాళ్ళ యూనిఫారాలు ఉతికి, కట్టెల పొయ్యి సెగకు ఆరబెట్టడం, బూట్లలోని బురద కడగడం నా వంతు. ఆ అలసటలో కూడా వాళ్ళు నవ్వించేవారు. ఒక రోజు పళ్ళెం చూసి ఒకాయన అన్నాడు: "అక్కా, ఇయ్యాల గూడ ఉప్మానేనా? నీళ్ళల్ల మునిగినోళ్ళను మేం తీస్తున్నం. ఈ ఉప్మాల మేం మునిగితే మమ్ముల ఎవరు తీస్తరు?"

"నోరు మూసుకొని తిను తమ్మీ, రేపు కిచిడీ పెడత," అంది పాస్టరమ్మ.

"అది గూడ మునిగేదే గదక్కా!"

మా మందిరంలో రెండు పద్ధతులు ఉన్నాయి. చెప్పులు లోపలి గుమ్మం దగ్గర కాదు, ఆవరణ గేటు దగ్గరే విడవాలి. సేవకు వెళ్ళినవాళ్ళు, సేవ అందుకునేవాళ్ళ కోసం వచ్చినదాంట్లో నుంచి ఏమీ ముట్టుకోకూడదు. రెండూ మంచి పద్ధతులే. వాటి మధ్యనే పెరిగాను. ఆ వారంలో మాత్రం ఆవరణ నిండా చీలమండలు మునిగేంత వరద నీరు ఉంది. టీం బూట్లతో లోపలికి రావచ్చని పాస్టర్ గారు చెప్పారు. మా గురించి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పల్లంలోని ఎలుకలన్నీ అంతకంటే కాస్త మెరకైన మా ఆవరణకు చేరాయి. వాటిని చీపురుతో తోలుతూ, పగిలిన మడమలతో ఆ నీళ్ళలోనే పొద్దంతా నిలబడ్డాం.

టీంలో మందులు చూసే ఆయన సముద్రం వైపు జిల్లా మనిషి. రెండో రోజున మాత్రల డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఏవండీ మేడం, మా బూట్లు చూశారా? మీ కాళ్ళు చూశారా? ఇవి డాక్సీసైక్లిన్, ముందు జాగ్రత్త మాత్రలు. వారానికోసారి, తిన్నాక రెండు వేసుకోండి. మీ వాళ్ళందరికీ ఇవ్వండి."

నేను పాస్టరమ్మ వైపు చూశాను. ఆమె ఆ డబ్బాను రెండు చేతులతో వెనక్కి ఇచ్చింది. "అవి నీళ్ళలకు పోయేటోళ్ళయి బాబూ. మేం ఒడ్డున ఉన్నోళ్ళం. మాకేమైతది?"

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. అంతలో పడవ వచ్చిందని కేక వినిపించింది. పరుగెత్తాడు.

నీళ్ళు తీశాయి, టీం వెళ్ళిపోయింది. ఆ తరువాత వచ్చిందే ఆ పన్నెండో తేదీ ఉదయం.

ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు పారాసిటమాల్ ఇచ్చి వైరల్ ఫీవర్ అన్నారు. పిక్కల నొప్పికి కారణం మా దగ్గర సిద్ధంగా ఉంది: అన్ని రోజులు నిలబడి పనిచేశాను కదా. కళ్ళు మంకెన పూలలా ఎర్రబడ్డాయి. దానికీ కారణం ఉంది: కట్టెల పొగ. వంటికి వచ్చిన ప్రతి బాధకూ సేవలోనే ఒక కారణం దొరికింది. అందుకే దేనికీ భయపడలేదు.

మా అడవి ప్రాంతంలో జ్వరమంటే రెండే భయాలు. పీహెచ్‌సీలో మలేరియా చూశారు, నెగెటివ్. డెంగీ చూశారు, అదీ నెగెటివ్. అమ్మ అక్కడే నిలబడి చేతులు జోడించి దేవుడికి స్తోత్రం చెప్పింది. నేనూ చెప్పాను. ఏ జబ్బు కాదో తెలిసింది కానీ ఏ జబ్బో తెలియలేదన్న సంగతి మాకు తట్టలేదు.

జ్వరం కాస్త తగ్గి మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళలోని ఎరుపు వెనుక పసుపు కనిపించింది. "కామెర్లు బిడ్డా," అని అమ్మ ఎవరి దగ్గరో పసరు తెచ్చింది. తాగి మొత్తం కక్కుకున్నాను. నన్ను భయపెట్టింది వాంతి కాదు. పొద్దున్నుంచి ఎన్ని నీళ్ళు తాగినా మూత్రం రాలేదు. సాయంత్రానికి వచ్చిన నాలుగు చుక్కలూ టీ డికాషన్ రంగులో ఉన్నాయి. అప్పటిదాకా ఒళ్ళు బాగాలేదనే అనుకున్నాను. ఆ రంగు చూశాక, చనిపోతానేమో అని మొదటిసారి అనుకున్నాను. ఆ మాట అమ్మతో అనలేదు. "దవాఖానాకు పోదాం, జల్దీ," అన్నాను.

భద్రాచలంలో రక్తం తీసి చూసి, "క్రియాటినిన్ చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీలు పనిచేయడం లేదు. ఖమ్మం తీసుకెళ్ళండి," అన్నారు. అంబులెన్స్‌లో అమ్మ నా చేయి వదల్లేదు. కిటికీలోంచి చెట్లు వెనక్కి పోతున్నాయి. వాటిని మళ్ళీ చూస్తానో లేదో అనుకుని, చూడడానికే భయపడి కళ్ళు మూసుకున్నాను.

ఖమ్మం ఆసుపత్రిలో కిడ్నీ డాక్టర్ ఒక మేడం. నా పిక్క మీద వేలితో నొక్కగానే అరిచాను.

"పొలం పనికి వెళతారా? వరి నాట్లు ఏమైనా?"

"లేదు మేడం. నేను టీచర్‌ని."

"మాకు పొలమే లేదు మేడం," అంది అమ్మ.

ఆమె తలాడించి ముందుకు వెళ్ళారు. హెపటైటిస్ పరీక్షలకు రాశారు. ఆ మధ్యాహ్నం నా మెడ పక్కన సూదితో గొట్టం పెట్టి డయాలిసిస్‌కు తీసుకెళ్ళారు. నా రక్తం నా కళ్ళ ముందే గొట్టంలో బయటికి వెళ్ళి, యంత్రం చుట్టూ తిరిగి మళ్ళీ వస్తోంది. పక్క మంచం మీద ఒక ముసలాయన చాలా ఏళ్ళ నుంచి వస్తున్నాడట. నా ముఖం చూసి జాలిపడ్డాడు. "భయపడకు బిడ్డా. అలవాటైతది," అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆసుపత్రిలో నేను విన్న మాటలన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టినది అదే. ఇది నాకు అలవాటు కావడానికి వచ్చిందా? వారం వారం పినపాక నుంచి ఇక్కడికి రావాలా? బడి? అమ్మ? ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాటా రాలేదు. యంత్రం చప్పుడే వినిపించింది.

మరునాడు ఉదయం పాస్టరమ్మ వచ్చింది. నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. నా తల మీద చేయి పెట్టి, మా సంఘంలో అందరూ చేసినట్టే, వార్డంతా వినిపించేలా ప్రార్థన మొదలుపెట్టింది. మా ప్రార్థనల్లో దేవుడికి తెలిసిన సంగతులే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటాం.

"ప్రభువా, ఈ బిడ్డ నీ కోసమే కష్టపడ్డది తండ్రీ. అన్ని రోజులు వరద నీళ్ళల్ల వట్టి కాళ్ళతోటి నిలవడి, ఆ రెస్క్యూ పిల్లల బట్టలు పిండింది, బూట్లు కడిగింది. ఎలుకలు కాళ్ళ మీదికెళ్ళి ఉరికినా కదల్లే. గిసుంటి బిడ్డను గిట్ల పడగొట్టకు ప్రభువా..."

పక్క మంచం దగ్గర కేస్ షీట్ చూస్తున్న డాక్టర్ మేడం చేయి ఆగిపోయింది. ఆమె ప్రార్థనకు అడ్డు రాలేదు. 'ఆమేన్' అన్న మాట పూర్తికాగానే మాత్రం రెండంగల్లో వచ్చారు.

"అమ్మా, ఇప్పుడు చెప్పింది మళ్ళీ చెప్పండి. వరద నీళ్ళా? ఎప్పుడు?"

పాస్టరమ్మ ఉలిక్కిపడింది. "ఈ నెల మొదట్లనే మేడం. మా మందిరంల."

"చెప్పులు లేకుండా?"

"మందిరం గద మేడం."

డాక్టర్ నా వైపు తిరిగారు. "ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"టీచర్ అని చెప్పినం గద మేడం," అంది అమ్మ, తప్పు చేసినట్టు.

"టీచర్ అనే రాసుకున్నాం. వరద నీళ్ళల్లో నిలబడ్డ టీచర్ అని రాసుకోలేదు." ఆమె గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కాళ్ళ పగుళ్ళలోంచి లోపలికి పోతుంది. లెప్టో ఐజీఎం పరీక్షకు రక్తం పంపిస్తాను. రిపోర్ట్ కోసం ఆగను. ఇంజెక్షన్ ఇప్పుడే మొదలుపెడుతున్నాం. మీతో ఇంకెవరు నిలబడ్డారు? ఎవరికైనా జ్వరం ఉందా?"

పాస్టరమ్మ వరండాలోకి వెళ్ళి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. మాతో బట్టలు ఉతికిన సుగుణక్కకు ముందురోజు నుంచి జ్వరం. "ఉత్త జ్వరమే పాస్టరమ్మా, తగ్గుతది," అంటోందట. "తగ్గదు! లే, ఇప్పుడే లేసి దవాఖానాకు పో. వరద నీళ్ళల్ల నిలవడ్డ అని చెప్పు. ఆ మాట చెప్పకపోతివో, నీతోని నేను మాట్లాడ!" అన్న పాస్టరమ్మ అరుపు నా మంచం దాకా వినిపించింది.

మొదటి ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది గంటలకు నాకు వణుకు మొదలైంది. మంచం ఇనుప కడ్డీలు శబ్దం చేసేంతగా వణికాను. బీపీ పడిపోయింది. నర్సులు పరుగెత్తారు, ఎవరో అమ్మను తెర అవతలికి తీసుకెళ్ళారు. దొరికిన మందు కూడా పడలేదు, ఇక ఏమీ మిగల్లేదు అనుకున్నాను. డాక్టర్ మేడం నా ముఖం దగ్గరికి వంగి నెమ్మదిగా అన్నారు: "ఎస్తేరు, విను. మందు సూక్ష్మజీవులను చంపడం మొదలుపెట్టినప్పుడు కొందరికి ఇలా అవుతుంది. మేం చూస్తున్నాం. నువ్వు ఊపిరి తీసుకుంటూ ఉండు." అంతకు మించి ఆమె ధైర్యం చెప్పలేదు. చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

వణుకు తగ్గింది. రిపోర్ట్ పాజిటివ్ వచ్చింది. జబ్బుకు పేరు దొరికినా కిడ్నీలు తిరిగి పనిచేస్తాయన్న హామీ మాత్రం దొరకలేదు. అడిగితే మేడం, "చాలామందికి తిరిగి వస్తాయి. నీకు వస్తాయని ఈ రోజు చెప్పలేను," అన్నారు. డయాలిసిస్ మళ్ళీ చేశారు, మళ్ళీ చేశారు. గీతలున్న ప్లాస్టిక్ జార్‌లో అమ్మ నా మూత్రం కొలిచేది. అక్షరాలు రాని మా అమ్మ ఆ గీతలు నేర్చుకుంది. ప్రతి ఉదయం జార్ ఎత్తి వెలుతురులో చూసేది. నేను జార్‌ను కాదు, అమ్మ ముఖాన్నే చూసేదాన్ని. అడుగు గీత దాటలేదంటే ఆమె నా దుప్పటి సర్దేది.

ఒక ఉదయం అమ్మ జార్ ఎత్తి చూసి, కిందపెట్టి, మళ్ళీ ఎత్తింది. "సిస్టరమ్మా, గిటు రాండి. నేను సరిగ్గ చూస్తున్ననా లేదా చూడుండ్రి," అని పిలిచింది. నర్స్ వచ్చి చూసి నవ్వింది. డాక్టర్ మేడం రౌండ్స్‌లో కేస్ షీట్ చదివి, ఆ రోజు డయాలిసిస్ రాయలేదు. "ఆగి చూద్దాం," అన్నారు. ఆ 'ఆగి చూద్దాం' అన్న మాటకు నేను ఏడ్చాను. ఆ తరువాత మెడలోని గొట్టం తీసేశారు. డిశ్చార్జ్ నాటికి నడవలేక గోడ పట్టుకున్నాను, కానీ యంత్రం లేకుండా ఇంటికి వెళ్ళాను.

సుగుణక్కకు మాత్రలతోనే తగ్గిపోయింది. ఆమె మొదటి మాటే నీళ్ళ గురించి చెప్పిందట.

ఆ తరువాత వరద రోజుల్లో ఆవరణలోకి బూట్లతో రావచ్చని సంఘంలో నిర్ణయించారు. "మందిరంల బూట్లేందమ్మా?" అని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పాడు. పాస్టరమ్మ ఊరుకోలేదు. "మనం మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తం గద పెద్దయ్యా. కాళ్ళే పోతే మోకాళ్ళు యాడికెళ్ళి తెస్తవ్?" అంది. నా విషయంలో మాత్రం ఆమె ఒక్కసారే మాట్లాడింది: "నేను డబ్బా వాపస్ ఇచ్చిన దినం యాదికొస్తే నిద్ర పట్టదు బిడ్డా." వాపస్ ఇచ్చింది ఆమె ఒక్కతే కాదు. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ అది సరైనదిగానే కనిపించింది.

ఇప్పుడు బడికి వెళుతున్నాను. ఉప్పు తగ్గించాను. నొప్పి మాత్రలు నా అంతట నేను కొనుక్కుని వేసుకోను. మేడం చెప్పినప్పుడల్లా ఖమ్మం వెళ్ళి క్రియాటినిన్ చూపించుకుంటాను. ఇంతవరకు బాగానే ఉంది. రిపోర్ట్ చేతికి వచ్చేదాకా మాత్రం ల్యాబ్ గుమ్మం దగ్గరే నిలబడతాను.

చదివేవారికి నా మనవి ఒక్కటే. వరద తరువాత జ్వరం వస్తే, డాక్టర్ అడిగినా అడగకపోయినా, మీ ఉద్యోగం చెప్పకముందే మీ కాళ్ళు ఏ నీళ్ళలో నిలబడ్డాయో చెప్పండి. పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో కారణాలు వెతకకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇదివరకు వాన చప్పుడు వింటూ నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఇప్పుడు వాన మొదలైతే లేచి కూర్చుంటాను.