తిరిగి రాని టికెట్టు

మండపేటలో రైస్‌మిల్లు నడిపే బుల్లిబాబు భార్య నాగశ్రీకి మంచుకొండలు చూడాలని కోరిక. వంటింటి పని తెమలగానే పసుపంటిన వేలు కొంగుకు తుడుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఫోన్లో చవక విమానం టికెట్లు గాలిస్తుంది. ఆమె ఎప్పుడు టికెట్లు తీసినా, తీరా బయల్దేరే ముందు అతనికి మిల్లులో ఏదో పని తగిలేది, టికెట్లు క్యాన్సిలయ్యేవి. నిన్న ఆమె శ్రీనగర్‌కి టికెట్లు తీస్తుంటే, రూపాయి వృథా అయితే అన్నం సయించని బుల్లిబాబు భుజం మీంచి తొంగిచూసి కంగారుపడ్డాడు.

“ఇదేంటే, క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదంటున్నాడు! కాస్త ఎక్కువైనా, డబ్బులు తిరిగొచ్చే టికెట్లు తీసుకోకూడదూ?”

“అవి తీసుకునే కదండీ ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చున్నాం!” అంటూ బటన్ నొక్కేసింది నాగశ్రీ.

బుల్లిబాబు అటక మీది సూట్‌కేసు కోసం స్టూలు వేసుకున్నాడు.