మేస్త్రి సరిచేసిన పిన్‌బాల్ మిషన్

నెల కిందట బెంగళూరు నుంచి పాత పిన్‌బాల్ మిషన్ కొని తెచ్చుకున్నాను. అద్దం కింద వాలు బల్ల మీద ఇనుప గుండు దొర్లుకుంటూ వస్తే, బటన్లు నొక్కి మళ్లీ పైకి కొట్టే ఆట. వారం రోజులు తంటాలు పడి ఆ వాలు కుదిర్చాను.

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆడబోతే గుండు మధ్యలోనే ఆగిపోయింది. వంగి చూస్తే ముందు కాళ్ల కింద కడప బండ ముక్కలు!

వరండాలో బండలు పరుస్తున్న మస్తాన్ మేస్త్రి నవ్వుతూ వచ్చాడు.

“నీ బల్ల ముందుకు వాలుండాదప్పా. రసమట్టం పెట్టి సరిజేసినా. ఇప్పుడు నీళ్లు పోసినా కదలవు.”

“వాలుంటేనే అది ఆట, మేస్త్రీ!”

“నేను పనిజేసే ఇంట్లో వంకరుంటే నలుగురూ నన్నే అంటారప్పా.”

ఈయన్ను ఏమనాలో మీరే చెప్పండి. మా బాత్రూంలో గచ్చు చేసింది కూడా ఈయనే. అక్కడ స్నానం చేసిన నీళ్లు కూడా కదలవు.