దగ్గుకు ముత్యం

పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నేను కెమిస్టుని. రెండేళ్ల కింద నాకు దగ్గు పట్టుకుంది. డాక్టరు ఒక సిరప్పు ఇచ్చాడు, తర్వాత దానికంటే చేదు సిరప్పు ఇచ్చాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాడు. రెండో అంతస్తు ఎక్కేసరికి మాత్రం ఆయాసంతో కూలబడేదాన్ని. పైకి అనలేదు గానీ, నాకు చాలా భయం వేసింది.

అత్తమ్మ సంగారెడ్డి వెళ్లి పంతులును అడిగి వచ్చింది. జాతకంలో చంద్రుడు బాగాలేకపోతే ఛాతీ జబ్బులు వస్తాయట, ముత్యం వేసుకోవాలట. పాతకాలం వైద్యులు ముత్యాన్ని భస్మం చేసి దగ్గుకు తేనెలో ఇచ్చేవారని కూడా చెప్పింది. తన పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన కమ్మల్లోంచి ఒక ముత్యం తీయించి, వెండి గొలుసుకు వేయించి నా ముందు పెట్టింది. ఎప్పుడో సముద్రం దాటి చార్మినార్ బజారుకు వచ్చిన బస్రా ముత్యం. ఉత్త తెలుపు కాదు, కాస్త వంచి చూస్తే లోపల్నుంచి గులాబీ రంగు తేలేది. అంత అందమైన వస్తువు నా మెడలో ఎప్పుడూ పడలేదు.

అయినా నా నోరు ఊరుకోదు కదా.

"అత్తమ్మా, నేను ఎమ్మెస్సీ చదివిన. గిది ఉత్త సున్నం."

"సున్నమైతే సున్నమే. మెడల ఉంటే నీకేం బరువైతది?"

వేసుకున్నాను. దగ్గు తగ్గలేదు సరికదా, కొన్ని నెలలకు ముత్యమే చచ్చిపోయింది. మెరుపు పోయి, సుద్దముక్కలా గరుకుగా తయారైంది. అత్తమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన గుర్తు పాడుచేశానని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అప్పుడు తట్టింది, సున్నాన్ని తినేది యాసిడ్ కదా! నేను రోజంతా నిలబడే చోట గాలిలో అది ఉందన్నమాట.

మేనేజరుకు చెబితే చెమటకు పాడై ఉంటుందని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నీలం లిట్మస్ కాగితం తడిపి నా బల్ల పక్కన వేలాడదీశాను. మధ్యాహ్నానికల్లా ఎర్రబడింది. అతను ఇక నవ్వలేదు. సీలింగు విప్పి చూస్తే, యాసిడ్ ఆవిర్లను బయటికి లాగే గొట్టం పగిలి ఉంది. కొత్తది వేశారు. నా దగ్గు మెల్లగా వదిలింది.

రాళ్ల మహిమను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఈ రోజు మెట్లెక్కి హాయిగా ఊపిరి పీలుస్తున్నానంటే అది అత్తమ్మ చలవే. జరిగిందంతా చెప్పి, ముత్యం పాడైనందుకు తిడుతుందేమోనని భయపడుతూనే అడిగాను.

"ముత్యం యాసిడ్‌ను గిట్ల పట్టిస్తదని మీకు ముందే ఎర్కనా అత్తమ్మా?"

"నాకేం ఎర్క బిడ్డా? పక్క అర్రల నువ్వు దగ్గుతుంటే నాకు ఊపిరాడలె. ఏదో ఒకటి జెయ్యకుంట ఎట్లుంట?"