లక్ష్మీనరసమ్మ అడగని ప్రశ్న

పొద్దున ఎనిమిదింటికి అంగడి తలుపు తీసి, గడపకు పసుపు రాసి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించగానే లక్ష్మీనరసమ్మ చేసే పని ఒకటుంది. ఫోన్‌ను కందిపప్పు డబ్బాకు ఆనించి, చెవిలో తీగ పెట్టుకుని "రేపటి మాట" వింటుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని లోకం ఎటు పోతోందో గంటసేపు మాట్లాడుకునే కార్యక్రమం అది. మనుషుల పనులన్నీ యంత్రాలే చేస్తే మనుషులేం చేయాలి, అంతమంది మధ్య బతుకుతూ కూడా పట్నంలో మనిషి ఒంటరి ఎందుకయ్యాడు, ఇట్లాంటివి. ఆళ్ళగడ్డలో ఉప్పూ చింతపండూ అమ్ముకునే ఆవిడకు ఇవన్నీ ఎందుకు అని మీరు అడగొచ్చు. అడిగారంటే మీరెప్పుడూ అంగట్లో కూర్చోలేదన్నమాట. పొద్దస్తమానం వీధికి ఎదురుగా కూర్చునే మనిషికి లోకం సంగతి కాక ఇంకేం పడుతుంది?

ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి. పది ఫస్టు క్లాసులో పాసైంది. పై చదువు చదువుతానని రెండు రోజులు అన్నం మానేసి ఏడిస్తే, మూడో రోజు పెళ్ళిచూపులు పెట్టారు. పెళ్ళికొడుకు శివప్రసాద్ మాత్రం మంచివాడు. ఆయనకున్న దురలవాటల్లా పేపరు గట్టిగా చదవడం. చదివి ఊరుకునేవాడు కాదు, "నువ్వేమంటావ్?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. ఈవిడ ఒకటనేది, ఆయన కాదనేవాడు. ఒకరు బెల్లం తూస్తూ, ఒకరు పొట్లం కడుతూ వాదించుకునేవాళ్ళు. బేరానికొచ్చినవాళ్ళను కూడా మధ్యలోకి లాగేవాళ్ళు. శిరివెళ్ల నుంచి వచ్చిన రైతు ఒకాయన, ఆ వాదన ఏదో తేలేదాకా కదలనని కూర్చుని బస్సు కూడా పోగొట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట శివప్రసాద్ గుండెపోటుతో పోయాడు. నెల తిరక్కముందే ఆవిడ పేపరు మాన్పించేసింది.

ఇప్పుడు కూతురు ప్రొద్దుటూరు నుంచి రోజూ ఫోన్ చేసి, తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని అడిగి పెట్టేస్తుంది. సగం వీధికి సరుకు అట్టపెట్టెల్లో ఇంటికే వస్తోంది. అంగడికి వచ్చే ఆ కొద్దిమందీ ఫోన్ చూపిస్తారు, డబ్బు ముట్టిందని గల్లాపెట్టె మీది చిన్న డబ్బా అరుస్తుంది, వాళ్ళు మెట్టు దిగిపోతారు. అందుకే ఆవిడ "రేపటి మాట" పెద్దవాళ్ళతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. వేదశ్రీ అనే ఆర్థికవేత్త ఏదైనా అంటే "అదెట్లమ్మా?" అని నిలదీసేది. వేదశ్రీ మాత్రం ఆగకుండా తన ధోరణిలో తాను చెప్పుకుపోయేది.

రోడ్డుకు అవతల సుబ్బలక్ష్మమ్మ అంగడి. నాలుగేళ్ళు పెద్ద, ఆవిడ కూడా ఒంటరిదే. ఇద్దరిదీ ఒకే కులం, ఒకే వీధి, ఒకే సరుకు. ముప్పై ఏళ్ళుగా సరిగా మాటలు లేకపోవడానికి ఈ మాత్రం చాలదా?

"ఏం నర్సమ్మా, ఎట్లుండాది యాపారం?"

"బాగుండాదక్కా. నీకు?"

"బాగుండాది."

అంతే. ఆ పైన ఎవరి ఈగలను వాళ్ళు తోలుకునేవాళ్ళు.

బాగుండటం సంగతి అటుంచండి. బాగలేదు అనకూడదు. లక్ష్మీనరసమ్మ కాపురానికొచ్చిన కొత్తలో, ఎవరో అడిగితే పొద్దున్నుంచి బేరాల్లేవని ఉన్న మాట చెప్పేసింది. అత్తగారు లోపలికి పిలిచి, "అంగట్లో కూసోని లేదు, బాగలేదు అనగూడదు మ్మే. లక్ష్మి వింటాది" అంది. పప్పు అయిపోతే నిండుకుందనాలి. పొద్దున్నుంచి పిట్ట వాలకపోయినా బాగుందనాలి. నలభై ఏళ్ళలో ఆవిడ ఆ మాట జవదాటలేదు.

ఇట్లా ఉండగా ఆవిడ అన్న కూతురు యామిని ఫోన్ చేసింది. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరు.

"అత్తా, నువ్వు వింటావే రేపటి మాట, వాళ్ళు మా కాలేజీకే వస్తాండారు. వేదశ్రీ గూడా. వినేటోళ్ళు గూడా అడగొచ్చంట. నిన్ను ముందు వరసలో కూసోబెడతా, రా."

లక్ష్మీనరసమ్మకు నాలుగు రోజులు అదే ధ్యాస. పొట్లాల కాగితం చించి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఒక ప్రశ్న తయారుచేసుకుంది. సరుకు ఇంటికొస్తాది, సరే, మరి సరుకుతోపాటు అంగట్లో దొరికే మాట యాడ దొరకాల? జవాబు కోసం కాదు ఆవిడ ఆరాటం. ఆ ప్రశ్న విని వేదశ్రీ ఒక్క క్షణం ఆగాలి, తనవైపు తిరిగి, మీరేమనుకుంటున్నారు అని అడగాలి. ఎనిమిదేళ్ళుగా తనను ఎవరూ అట్లా అడగలేదు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ప్రాణం కొట్టుకులాడింది.

ఆ కార్యక్రమం శుక్రవారం పడింది. శుక్రవారం అంగడి మూయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తాళం వేస్తుంటే సుబ్బలక్ష్మమ్మ అటు నుంచి నోరు తెరుచుకుని చూసింది.

"నంద్యాలకు పోతాండా అక్కా. పెద్దోళ్ళతో మాట్లాడేదుంది. తర్వాత ఫోన్లో గూడా వస్తాది."

కాలేజీ హాల్లో మూడువందల మంది. వేదిక మీద వేదశ్రీ, మాటలు నడిపించే శ్రీరంగనాథ్. ఆ రోజు విషయం కూడా చిన్న ఊళ్ళ వ్యాపారమే. అరగంట గడిచాక శ్రీరంగనాథ్ మైకు పట్టుకుని మెట్లు దిగి, నేరుగా లక్ష్మీనరసమ్మ దగ్గరికి వచ్చాడు. యామిని ముందే చెప్పి ఉంచింది.

"ఈ అమ్మ ఆళ్ళగడ్డలో నలభై ఏళ్ళ నుంచి అంగడి నడుపుతున్నారు. అమ్మా, మీ ప్రశ్నకు ముందు ఒక చిన్న మాట. ఆన్‌లైన్ వచ్చాక మీ వ్యాపారం ఎట్లా ఉంది?"

కాగితం చేతిలోనే ఉంది. కానీ అడిగింది వ్యాపారం గురించి, అదీ నలుగురిలో. ఆవిడ నోరు ఆవిడను అడక్కుండానే పలికింది.

"బాగుండాదప్పా. లక్ష్మీదేవి దయ."

హాలంతా చప్పట్లు. వేదశ్రీ ముఖం విప్పారింది. "చూశారా! చిన్న అంగళ్ళు మూతబడుతున్నాయని మనం ఊరికే కంగారుపడుతున్నాం. ఆ అమ్మ ధైర్యం చూడండి" అంటూ పది నిమిషాలు దాని మీదే మాట్లాడింది. ఈలోగా మైకు వెనక వరసలో ఎవరో విద్యార్థి చేతికి పోయింది. లక్ష్మీనరసమ్మ సగం లేచి, "అమ్మా, ఒక్కటి..." అంది. ఎవరికీ వినబడలేదు. అంతా అయ్యాక వేదశ్రీ వచ్చి చేతులు పట్టుకుని, పక్కన నిలబెట్టుకుని ఫోటో కూడా దిగింది. అప్పుడైనా అడగొచ్చు. అడగాలంటే ముందు ఆ "బాగుండాది"ని వెనక్కి తీసుకోవాలి. అది చేతకాలేదు.

బస్సు శిరివెళ్ల దాటాక పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శివప్రసాద్ ఉంటే, అడగడానికి పోయి చెప్పొచ్చినావేందని నవ్వేవాడు. నవ్వడానికైనా ఒక మనిషి లేడే అని మళ్ళీ ఏడ్చింది.

పదకొండు రోజుల తర్వాత ఆ కార్యక్రమం ఫోన్లో వచ్చింది. వీధిలో అందరూ విన్నారు, మెచ్చుకున్నారు. మరునాడు పొద్దున పదింటికి సుబ్బలక్ష్మమ్మ రోడ్డు దాటి వచ్చి, ఎన్నడూ లేనిది ఈ అంగడి మెట్టెక్కి, బియ్యం మూట మీద కూర్చుంది.

"నీది విన్యా నర్సమ్మా. బాగ చెప్పినావ్. నిన్ననే నా అంగడి మందుల షాపోళ్ళకు ఇచ్చేసినా. ఆర్నెల్ల నుంచి అడుగుతాండ్రి. బేతంచెర్లలో తమ్మునికి నాపరాళ్ళ పనుంది, ఆడికి పోతాండా. సోమవారం లారీ వస్తాది."

"ఏందక్కా, ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి ఏముంది, నాకు రెండేండ్ల నుంచి ఏం బాగలేదు. నీకూ అట్లే ఉంటాది, కాలమే అట్లుండాది, ఇద్దరం ఎట్లనో ఈదుదాంలే అనుకుంటి. నీకు బాగుండాదంటివి. అంటే కాలానిది కాదు తప్పు. నాకే చేతగాలేదు."

"రోజూ అనే మాటే గదక్కా అది!"

"వీధిలో అనేది ఎవురు నమ్ముతారు? నేను గూడా అంటా. అంత పెద్దోళ్ళు, అంతమంది ముందర అడిగితే నువ్వు అబద్ధం చెప్తావా?"

లక్ష్మీనరసమ్మ తన మాటను ఎవరైనా చెవిన వేసుకోవాలని ఇన్నేళ్ళు తపించింది. వేసుకున్నది ఈవిడ ఒక్కతే. వేసుకున్నది ఆ ఒక్క మాట.

"అక్కా, నాకు గూడా బాగలేదు" అంది. "నాలుగేండ్ల నుంచి బాగలేదు. ఆడ నోరు జారింది."

సుబ్బలక్ష్మమ్మ ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచింది.

"ఇది చెప్పేకి నంద్యాల దాకా పోవాల్నా మ్మే? రోడ్డుకు అవతలే ఉంటి గదా."

ఇద్దరికీ ఒక్కసారే ఏడుపూ నవ్వూ వచ్చాయి. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. వేదశ్రీ చెప్పినదాంట్లో సగం తప్పని సుబ్బలక్ష్మమ్మ అంది. పావు వంతే తప్పని ఈవిడ అంది. తప్పెక్కడుందో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చూపించింది సుబ్బలక్ష్మమ్మ. ఎవరో పిల్ల వచ్చి అగ్గిపెట్టె కావాలంటే ఇద్దరూ పలకలేదు. ఎండ మెట్టు మీది నుంచి లోపలికి పాకినా ఎవరూ లేవలేదు. చాలాసేపటికి లక్ష్మీనరసమ్మ అడిగింది.

"ఆ షాపోళ్ళకు వద్దని చెప్పేకి కుదరదా అక్కా?"

"సంతకం పెట్టేసినా నర్సమ్మా."

లక్ష్మీనరసమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అట్లయితే సోమవారం దాకా ఈడే కూసో" అంది.